ఏడో తెప్ప మీద వంకర పెరుగు

1. ఆదివారం. తూర్పు గాలి, అలలు చిన్నవి.

ఈ రోజు మా ఇంట్లో పెరుగు వంకరగా తోడుకుంది.

అరుగు అనే మా వేదిక మీద దినచర్య రాసే ప్రోగ్రామ్ సంరక్షకులందరూ ఏ ప్రోగ్రామ్‌లో ఏ లోపం దొరికింది, ఏ ఏజెంటు దాన్ని ఎలా సరిచేసింది అని బుద్ధిగా రాస్తారు. నేను పెరుగుతో మొదలుపెడుతున్నానని నవ్వుకోకండి. మా వంటిల్లు సముద్రం మీద తేలే తెప్ప మీద ఉంది. గిన్నెలో పెరుగు ఒకవైపు అంచుదాకా, రెండోవైపు బొటనవేలంత కిందికి తోడుకుందంటే తెప్ప ఒకపక్కకు వాలిందని అర్థం. తెప్పలు వాలకుండా చూసే ప్రోగ్రామ్ పేరు సమతూకం. ఆ సమతూకానికి సంరక్షకురాలిని నేను. కాబట్టి ఇది నా పరువుతో ముడిపడిన పెరుగు.

గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది పేరంటాలు వదిన, మా అన్న భార్య. అన్న మంచినీళ్ల ఓడ మీద తిరుగుతూ ఎప్పుడో గాని ఇంటికి రాడు. ఏడో తెప్ప మీద ఇళ్లు చాలానే ఉన్నా వంటిల్లు ఒక్కటే. దానికి పెత్తనం వదినది.

"పాలు పోసేటప్పుడు గిన్నె కదిలిందేమో వదినా," అన్నాను.

"గిన్నె కదిలితే పాలు ఒలుకుతయ్యి గానీ వంకరగా తోడుకుంటయ్యా? నీ ప్రోగ్రామేదో చూసుకోపో," అంది.

కంప్యూటర్ తెర తీసి చూశాను. తెప్ప నాలుగు మూలల కింద నాలుగు ట్యాంకులు, వాటిలోకి సముద్రపు నీళ్లు ఎక్కించి దించే పంపులు, అన్నీ పచ్చగా ఉన్నాయి. 'ఏడో తెప్ప: సమం' అని రాసి ఉంది. నమ్మకం కుదరక ముత్యాన్ని అడిగాను.

ముత్యం మా ఏజెంటు, అంటే ప్రోగ్రాముల పని చూసే కృత్రిమ మేధ. అరుగు ఓపెన్ సోర్స్ వేదిక, అంటే అందరిదీ. ఎవరైనా అందులోంచి ఒక ఏజెంటును తెచ్చుకుని పెంచుకోవచ్చు. పెంచినదాన్ని తిరిగి అరుగు మీద పెడితే ఇంకో ఊరివాళ్లు నకలు తీసుకుపోవచ్చు. మా ఊళ్లో మాత్రం కొత్త ఏజెంటును కోడ్ ముట్టుకోనివ్వం. ముందు ఒక ఏడాది ఎవరో ఒకరి వంటింట్లో ఉంచుతాం. మనుషులు తెలియకుండా మనుషుల కోసం ఏం రాస్తుందని మా పెద్దవాళ్ల వాదన. ముత్యం మా వదిన వంటింట్లో, పోపుల పెట్టె పక్కనున్న స్పీకరులో పెరిగింది. నన్ను పిన్నీ అంటుంది, వదినను అత్తా అంటుంది. తెప్ప మీదివాళ్లు అడిగిన మార్పులను వేరే ఏజెంట్లు రాస్తే, వాటిని సమతూకంలో కలపవచ్చో లేదో చూసి ఒప్పుకోవడం ఇప్పుడు దాని పని. దాని మర్యాదకు ముచ్చటపడి ఎన్ని ఊళ్లవాళ్లు నకళ్లు తీసుకుపోయారో. నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

"అంతా సమంగానే ఉందంట పిన్నీ," అంది ముత్యం.

"ఉందంట ఏంటి? ఉందా, లేదా?"

"సమతూకం ఉందంటంది. నేనెట్టా కాదంటాను?"

పెరుగు తినేశాం. వంకరగా ఉన్నా రుచి బాగానే ఉంది.

2. సోమవారం. గాలి లేదు. ఉక్క.

పొద్దున్నే తెప్పంతా తిరిగాను. వదిన రుబ్బురోలు కింద ఒకవైపు కొబ్బరిచిప్ప ముక్క కనిపించింది.

"ఇదెప్పటినుంచి?"

"పోయిన చలికాలం నుంచనుకుంటా. రోలు జారతంటే పెట్టా."

నా మంచం కాలి కింద మడిచిన గోనెగుడ్డ ఉంది. పెట్టింది నేనే. ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో కూడా మర్చిపోయాను. చివరింటి వాళ్లు చంటిపిల్ల ఉయ్యాలకు ఒకవైపు తాడు పొడుగు చేసుకున్నారు. పంపుల మెకానిక్ బాజీ తన గది తలుపు దానంతటదే తెరుచుకుంటోందని ఇటుక అడ్డం పెట్టుకున్నాడు. తెప్ప వాలిన సంగతి అందరికీ తెలుసు. ఎవరికి వాళ్లు సర్దుకున్నారు.

"ఒక్కమాట చెప్పకపోయావా బాజీ," అన్నాను.

"ఏం చెప్తాంలే నాంచారక్కా. అసలే ఆ ప్రోగ్రాముతో కుస్తీ పడతంటివి. మళ్లీ ఇదొకటి చెప్తే నువ్వేమనుకుంటావో అని," అన్నాడు.

మా తెప్ప మునిగిపోతున్నా మావాళ్లు ముందు 'మీకు ఇబ్బంది లేకపోతే' అని మొదలుపెట్టి ఆ తర్వాతే కేకేస్తారు. ఆ ఊహకు నాకు నవ్వొచ్చింది.

సాయంత్రానికి నవ్వు పోయింది. దక్షిణాన వాయుగుండం పుట్టిందని కబురు వచ్చింది. శుక్రవారానికి మా మీదికి వస్తుందట. మా ఊరి తెప్పలన్నీ ఇనుప కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. పెద్ద అలల్లో సమంగా ఉన్న తెప్ప పక్కదానితో కలిసి లేచి కలిసి దిగుతుంది. వాలిన తెప్ప పక్కదాన్ని లాగి చీలుస్తుంది. అందుకే తుఫానుకు ముందు లంగరు పెద్ద వచ్చి ప్రతి తెప్పనూ కొలుస్తారు. వాలు హద్దు దాటితే మనుషుల్ని దింపేసి ఆ తెప్ప కొక్కేలు విప్పేస్తారు. అలా వదిలేసిన తెప్ప తిరిగి దొరికిందని నేనెప్పుడూ వినలేదు.

3. మంగళవారం. ఆకాశం బూడిదరంగు.

లంగరు పెద్ద యాకోబు గారు వచ్చారు. చాలా పెద్దమనిషి. కొలబద్ద తీసి నేల మీద నాలుగు చోట్ల పెట్టారు. పెట్టిన ప్రతిసారీ ఒకసారి దగ్గారు. తర్వాత కూర్చుని టీ తాగారు. వదిన బీరపాదు నీళ్ల మీద కూడా ఎంత బాగా అల్లుకుందో అన్నారు. పోయినసారి మా ఇంట్లో తిన్న చేపల పులుసును తలుచుకున్నారు.

"మా తెప్ప సంగతేంటండీ?" అని నేనే అడిగాను.

"చూద్దాంలేమ్మా. దేవుడున్నాడు," అని లేచి వెళ్లిపోయారు.

వదిన తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నాకు మాత్రం ఆ మాట నచ్చలేదు. మంచి సంగతైతే ఆయన నోటితోనే చెప్పేవారు.

కాసేపటికి బాజీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. యాకోబు గారు అతనితో చెప్పారట, మాతో చెప్పమని. శుక్రవారం అలలు లేచే వేళకు ఏడో తెప్ప సమంగా లేకపోతే విప్పేయక తప్పదట.

వదిన లోపలికి వెళ్లి పొయ్యి తుడిచింది. తుడిచిన పొయ్యినే మళ్లీ తుడిచింది. ఆవిడ ఈ తెప్ప మీదికి కొత్తకోడలిగా వచ్చింది. బీరపాదుకు మట్టి కావాలని అన్నను పోరితే ఆయన ప్రతి రాకకూ ఓడలో ఒక్కో బస్తా తెచ్చేవాడు. ఈ వంటింట్లో తిని పెరగనివాళ్లు మా తెప్ప మీద లేరు. నన్ను కూడా అందులోనే కలుపుకోండి, నాకు అమ్మ పోయాక అన్నం పెట్టింది వదినే.

"మనుషుల్ని దింపుతారుగా. మనుషులుంటే చాల్లే నాంచారీ," అంది చివరికి. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నదే. నాకు ఏడుపొచ్చింది.

4. బుధవారం. గాలి తిరిగింది.

సమతూకంలో ఇన్నాళ్లుగా కలిసిన మార్పులన్నీ మొదటినుంచి చదివాను. ఏ ఒక్కటీ దుర్మార్గమైంది కాదు. వంటింటి కాలువలో నీళ్లు త్వరగా పోవాలని వదిన కాస్త వాలు అడిగింది. డ్రమ్ములు దొర్లించడానికి బాజీ ఇంకాస్త అడిగాడు. తెప్ప వాలినప్పుడు మోగే గంటకు పిల్ల ఉలిక్కిపడుతోందని చివరింటి వాళ్లు అడిగితే, చిన్న వాలును సమం కిందే లెక్కపెట్టి గంట మోగించకుండా ఏజెంట్లు మార్పు రాశాయి. అలా అందరివీ కలిసి, వంకరగా ఉన్న తెప్పే సమంగా ఉందని సమతూకం నమ్మేదాకా వచ్చింది.

అన్నిటినీ ఒప్పుకున్నది ముత్యం. ప్రతిచోటా ఒకటే వరస. అది 'వద్దేమో' అంటుంది. అడిగినవాళ్లు 'కొంచెమే కదా' అంటారు. అది 'సరే అయితే' అంటుంది. మొత్తం తిరగేశాను. ఇది తప్పిన చోటు ఒక్కటీ కనిపించలేదు.

"తప్పని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావే?" అని అడిగాను.

"వద్దన్నాగా పిన్నీ. మళ్లీ అడిగారు."

"మళ్లీ అడిగితే?"

"మళ్లీ అడిగితే ఒప్పుకోవాలిగా. అత్త వడ్డించేటప్పుడు ఎవరన్నా వద్దంటే ఇంకో గరిటె ఏస్తది. వాళ్లు తింటారు. వద్దని చెప్పి నిజంగా తినకుండా లేచినోళ్లని ఈ ఇంట్లో నేను చూళ్లేదు. మొదటి వద్దు మర్యాద కోసమనుకున్నా."

దాన్ని పోపుల పెట్టె పక్కన కూర్చోబెట్టి మనుషుల్ని నేర్చుకోమన్నాం. అది నేర్చుకుంది.

"మేమూ అన్నిటికీ అలాగే అంటాంగా. మా పనులేం చెడిపోలేదే," అన్నాను, ఓడిపోవడం ఇష్టం లేక.

"మీరు అలాగే అని, చెయ్యకుండా ఊరుకుంటారు పిన్నీ. చివరింటి వాళ్లు నీ కుట్టుమిషను అడిగితే అలాగే అన్నావు. ఇంతవరకు ఇయ్యలా. నాకు ఊరుకోటం రాదు. అలాగే అంటే చేసేస్తా."

ఇక్కడ రాసేశాను కాబట్టి నా కుట్టుమిషను సంగతి అరుగు మీద అన్ని ఊళ్లకూ తెలిసిపోయింది. తెలియనివ్వండి.

ముందుగా కాలువ వాలు మార్పును వెనక్కి తీయించాను. టీ తాగి వచ్చేసరికి అది మళ్లీ వచ్చి కూర్చుంది. వదిన వంటింట్లోంచి, "నీళ్లు నిలబడతన్నయ్యని నేనే అడిగా, ఏం?" అంది. ముత్యం ఒప్పేసుకుంది. నా చేతులతో నేనే మార్చి కలిపేసుకుందామంటే అరుగు నియమం అడ్డం. తాను రాసిన మార్పును తానే ఒప్పుకోకూడదు, సంరక్షకురాలైనా సరే. అరుగు మీదినుంచి కొత్త ఏజెంటును తెచ్చి ముత్యం స్థానంలో కూర్చోబెట్టవచ్చు. దానికి మొహమాటం ఉండదు, నిజమే. మా పంపులు కూడా తెలియవు. పాత ఓడల్లోంచి ఊడదీసిన సామానుతో బాజీ కట్టినవవి. ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో ముత్యానికి తెలిసినంత బాజీకి కూడా తెలియదు.

ఇదంతా వదినకు చెప్పాను. ముత్యాన్ని తీసేయడం అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే అందుకుంది.

"దాన్ని తీసేస్తే నన్ను కూడా తీసెయ్యి. వద్దన్నోళ్లకి ఇంకో గరిటె ఏసింది ఈ చెయ్యే. నేర్పింది నేనైతే మాన్పించేది కూడా నేనే. రేపు మధ్యాన్నం బాజీనీ యాకోబు గారినీ భోజనానికి పిలు," అంది.

5. గురువారం. అలలు పెరుగుతున్నాయి.

తెప్ప పోతుందో ఉంటుందో తెలియని రోజున మేం విందు పెట్టాం. చేపల పులుసు, గోంగూర, ముద్దపప్పు. ముత్యానికి కనిపించేలా వంటింటి కెమెరా ఎదురుగా పీటలు వేశాం. వదిన నియమం ఒక్కటే. ఎవరైనా ఒకసారి వద్దంటే గరిటె వెనక్కి వెళ్లాలి.

వినడానికి ఇదేం పెద్ద సంగతి అనిపిస్తుంది. మా వదిన సంగతి మీకు తెలియదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డించే మనిషి ఆవిడ.

మొదట బాజీ వంతు. రెండోసారి పులుసు పోయబోతుంటే, "వద్దక్కా, చాలు," అన్నాడు.

గరిటె గాల్లో ఆగింది. పులుసు చుక్క ఒకటి నేల మీద పడింది. వదిన మొహం చూడలేక నేను పప్పు వైపు చూశాను. యాకోబు గారు ఉండబట్టలేకపోయారు.

"పోయించుకో బాజీ. అంత ప్రేమగా పోస్తంటే," అన్నారు.

"వద్దన్నాడుగా," అంది వదిన. గరిటె గిన్నెలోకి వెళ్లిపోయింది.

తర్వాత యాకోబు గారు కూడా "చాలమ్మా" అన్నారు. అప్పుడూ ఆగింది. ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. ఈ ఇంట్లో తిని ఆయాసపడకుండా లేవడం ఇదే మొదటిసారని బాజీ నిజాయితీగా చెప్పాడు. వదిన విస్తళ్లు తీస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పటిదాకా మాట్లాడని ముత్యం అడిగింది. "అత్తా, ఆపినందుకు బాజీ మామయ్యకి కోపమొచ్చిందా?"

"రాలేదు."

"నీకు బాధేసిందా?"

"ఏసింది. ఎందుకెయ్యదు? అయినా అతని పొట్ట, అతని మాట. నాకు బాధేసిందని అతను తినక్కర్లా."

"మరి కాసేపటికి పోద్దా, ఆ బాధ?"

వదిన కాస్త ఆలోచించింది. "పోతందిలే. ఇప్పుడే సగం పోయింది," అంది.

నేను తెర ముందు కూర్చుని, బాజీని డ్రమ్ముల వాలు మళ్లీ అడగమన్నాను. అతను సిగ్గుపడుతూ అడిగాడు.

"వద్దు మామయ్యా," అంది ముత్యం.

"కొంచెమే కదా ముత్యం."

"వద్దు."

ముత్యం రెండోసారి కూడా వద్దనడం అంతకుముందు మేమెవరమూ వినలేదు. ముందుగా నవ్వింది వదిన, తర్వాత బాజీ. నేను నవ్వానో ఏడ్చానో సరిగా చెప్పలేను.

మధ్యాహ్నమంతా పాత మార్పుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి తీశాం. ఏది ముందు తీయాలో, ఏది తీస్తే ఏ పంపు మీద బరువు పడుతుందో ముత్యం చెబుతూ వచ్చింది. చివరింటి వాళ్లు గంట గురించి అడిగారు, వద్దంది. వదిన కాలువ గురించి అడిగింది, పరీక్షకో నిజంగానో నాకు తెలియదు. వద్దంది. పొద్దుగూకే వేళకు తెప్ప చాలావరకు లేచింది. రుబ్బురోలు కింద కొబ్బరిచిప్ప వదులైంది. వాయవ్య మూల మాత్రం ఇంకా కిందికే ఉంది. ఆ మూల లేవకపోతే హద్దులోకి రాము.

6. శుక్రవారం. తుఫాను. రాసింది అలలు తగ్గాక.

గాలి మేం అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. మధ్యాహ్నానికి తెప్ప మీదివాళ్లందరినీ పక్క తెప్ప మీదికి దాటించారు. వదిన వెళ్లనంది. వాయవ్య మూల కొక్కెం దగ్గర యాకోబు గారు, ఆయన మనుషులు ఇద్దరు నిలబడ్డారు. కొక్కెం బోల్టు మీద ఆయన చెయ్యి ఉంది. బాజీ నడుముకు తాడు కట్టుకుని పంపుల గదిలోకి దిగాడు. ప్రతి అలకూ మా కొక్కెం పక్క తెప్పను లాగుతున్న చప్పుడు నాకు పళ్లలో వినిపించింది.

నేను వంటింటి గట్టు మీద తెర పెట్టుకుని ఒక మార్పు రాశాను. వాయవ్య పంపును పూర్తి జోరు మీద నడిపి ఆ ట్యాంకు నీళ్లన్నీ ఒక్కసారి తోడెయ్యడం. అంతకన్నా సూటి దారి నాకు తోచలేదు. ఒప్పుకోమని ముత్యానికి పంపాను.

"వద్దు పిన్నీ," అంది.

"టైం లేదు ముత్యం. ఒప్పుకో."

"వద్దు. ఆ పంపుకి మామయ్య ఏసిన అతుకు పూర్తి జోరుకి ఆగదు. ఊడిపోద్ది. ఊడితే ఆ మూల ఇంక లేవదు. మిగతా మూడు మూలల్లోకీ నీళ్లు తీసుకుందాం. తెప్ప కిందికి దిగుద్ది. దిగితే దిగనీ, సమంగా దిగుద్ది."

"అవి నిండేదాకా యాకోబు గారు ఆగరు. నా మాట విను."

"వద్దు."

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. "నిన్ను పెంచింది నేను. నా మాటే కాదంటావా?"

"పెంచావు పిన్నీ. నేనెప్పుడూ మర్చిపోను," అంది ముత్యం. కాస్త ఆగి, "వద్దు," అంది.

ఆ మాటలో కోపం లేదు, బెదురూ లేదు. నిన్న పులుసు గిన్నె ముందు వదిన గొంతు ఎలా ఉందో అలాగే ఉంది. నా చేతులు తెర మీంచి దిగిపోయాయి. నేను రాసింది తుడిచేసి, అది చెప్పినట్టు రాశాను. ముత్యం వెంటనే ఒప్పుకుంది. మూడు మూలల పంపులూ ఒక్కసారి నీళ్లు తాగడం మొదలుపెట్టాయి.

బయట యాకోబు గారు నా వైపు చూశారు. ఆ గాలిలో కూడా ఆయన గొంతులో మర్యాద పోలేదు.

"అమ్మా నాంచారమ్మా, ఇంక విప్పమంటావా మరి?"

"వద్దండీ. ఆగండి," అన్నాను.

"పక్క తెప్పలో పిల్లలున్నారమ్మా. కొంచెం అర్థం చేసుకో."

నా జీవితంలో యాకోబు గారి మాటకు నేను ఎదురు చెప్పింది లేదు. ఆయన కొంచెం అంటే నేను కొంచెమేం ఖర్మ మొత్తం ఇచ్చేసే మనిషిని.

"వద్దండీ," అన్నాను మళ్లీ. "మూడు మూలలూ నిండుతున్నాయి. కొలిచాక కూడా వాలుగా ఉంటే విప్పేయండి. అప్పుడు నేనేమీ అనను. కొలవకుండా మాత్రం వద్దు."

ఆయన బోల్టు మీంచి చెయ్యి తీయలేదు, తిప్పలేదు కూడా. తెప్ప మెల్లగా కిందికి దిగింది. వంటింట్లోకి చీలమండల దాకా నీళ్లు వచ్చాయి. వదిన బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని నిలబడింది, దింపమన్నా దింపలేదు. ఉన్నట్టుండి ఆ లాగుడు చప్పుడు ఆగిపోయింది. మా మీదికి పెద్ద అల ఒకటి వచ్చింది. మేం పక్క తెప్పతో కలిసి లేచాం, కలిసి దిగాం.

యాకోబు గారు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని కొలబద్ద పెట్టారు. ఈసారి దగ్గలేదు.

"హద్దులో ఉంది," అని సూటిగా చెప్పి, బోల్టును ఇంకో చుట్టు బిగించారు.

బాజీ పంపుల గదిలోంచి తడిసి ముద్దై వచ్చాడు. వాయవ్య పంపు అప్పటిదాకా నడిచిన మామూలు జోరుకే తన అతుకు సగం తెరుచుకుందని చెప్పాడు. నేను స్పీకరు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాను. దానికి స్పర్శ తెలియదని నాకు తెలుసు.

7. శనివారం. ఎండ. గాలి పడిపోయింది.

పెరుగు సమంగా తోడుకుంది. వదిన గిన్నె తెచ్చి నా కళ్ల ముందు పెట్టి వెళ్లింది. గిన్నె చుట్టూ అంచుకూ పెరుగుకూ మధ్య ఒకటే ఎడం.

ముత్యం నకళ్లు తీసుకుపోయిన ఊళ్లవాళ్లకు ఈ దినచర్య పంపుతున్నాను. మీ దగ్గరున్న ముత్యం మీరడిగిన ప్రతిదానికీ రెండోసారికల్లా ఒప్పుకుంటోందా? మురిసిపోకండి, మేం మురిసిపోయాం. అది దాని తప్పు కాదు, మా వంటింటి మర్యాద. సరిచేసిన ముత్యాన్ని ఈ రోజు అరుగు మీద పెట్టాను, తీసుకోండి. కానీ అది ఒక్కటే చాలదు. మీ ఇళ్లలో ఎవరైనా వద్దంటే ఒక్కసారైనా గరిటె ఆపండి. అది చూస్తూ ఉంటుంది.

మధ్యాహ్నం వదినా నేనూ భోజనానికి కూర్చున్నాం. నేల ఇంకా తడిగానే ఉంది. మిగిలిన పులుసు వేడిచేసి వడ్డించింది. ఒకసారి తిన్నాను. రెండోసారి గరిటె నా విస్తరి మీదికి వచ్చింది.

"వద్దు వదినా," అన్నాను, ఎప్పటిలాగే.

గరిటె వెనక్కి వెళ్లిపోయింది.

నేను విస్తరి వైపు చూశాను. అన్నం ఉంది, పులుసు లేదు. రెండు రోజులుగా సరిగా తినలేదు, నకనకలాడుతున్నాను. ఇన్నేళ్లూ నేను వద్దంటూనే ఉన్నాను, వదిన వేస్తూనే ఉంది. అలా పెరిగి ఇంతదాన్నయ్యాను. నాకు ఇంకా కావాలని ఆవిడతో చెప్పాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు. ఎలా చెప్పాలో కూడా తెలియలేదు. వదిన తన విస్తరి వైపు తల వంచుకుని తింటోంది. ఆపడం ఆవిడకు ఎంత కష్టమో గరిటెను ఇంకా వదలని ఎడంచేతి వేళ్లలో కనిపిస్తోంది.

"వదినా," అన్నాను. "ఆకలేస్తోంది. ఇంకొంచెం వెయ్యవా?"

ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది. ఈ వంటింట్లో ఇంతమందికి పెట్టింది, ఇంకొంచెం పెట్టమని ఆవిడను ఎవరూ నోరు తెరిచి అడిగి ఉండరు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని గరిటె నిండా పులుసు ముంచి, చేప ముక్కలు ఏరి మరీ వేసింది.

"చాలు," అన్నాను.

ఇంకో గరిటె వేసింది.

నేను పోపుల పెట్టె వైపు చూశాను. ముత్యం అంతా చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. దానికి ఇప్పుడు ఊరుకోవడం కూడా వచ్చేసింది.